రత్నం అన్న తాగని బీడీ

1999లో బోధన్ బస్టాండ్ దగ్గర నాకు మందుల దుకాణం ఉండేది. ఫార్మసీ చదివి పెట్టిన దుకాణం కాబట్టి మందుల సంగతి నాకు తెలియనిది లేదన్న ధీమా ఉండేది. ఆ ధీమాతోనే ఒక మంచి మనిషికి చెడ్డపేరు తెచ్చాను.

ఆయన పేరు రత్నం. బడిలో అటెండర్, నాకంటే పదేళ్లు పెద్ద. మెథడిస్టు చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. క్రిస్మస్ ఆరాధనలో ఆయన గొంతెత్తితే రోడ్డు మీద చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లవాళ్లు కూడా ఎద్దులను ఆపి వినేవాళ్లు.

ఆ వానాకాలం నిజామాబాద్ డాక్టర్ గారు ఆయనకు బీపీ ఉందని ఎనలాప్రిల్ రాశారు. మన రక్తనాళాల గోడల్లో ఏసీఈ అనే ప్రొటీన్ ఉంటుంది. యాంజియోటెన్సిన్ అనే పదార్థం కొసను అది కత్తిరిస్తుంది. కత్తిరించగా మిగిలింది రక్తనాళాలను బిగిస్తుంది, బీపీ పెరుగుతుంది. ఎనలాప్రిల్ ఆ కత్తిరింపును ఆపుతుంది. కాలేజీలో నేను బట్టీపట్టింది ఇంతవరకే.

నెల తిరిగేసరికి రత్నం అన్నకు పొడిదగ్గు పట్టుకుంది. కళ్లె లేదు, జ్వరం లేదు, గొంతులో గరగర. నేను ఒక సిరప్ ఇచ్చాను. తగ్గలేదు. ఇంకొకటి ఇచ్చాను. నాలుగు నెలలు బీపీ గోలీల పొట్లం, దగ్గు మందు ఒకే కవర్లో పెట్టి ఇచ్చాను.

ఆయన దగ్గరకు వస్తే పొగాకు వాసన వచ్చేది. బీడీలు తాగుతున్నావా అని అడిగితే నవ్వాడు. ఇంట్లో భార్య సుగుణమ్మ బీడీలు చేస్తుందని, బట్టలన్నీ అదే వాసనని చెప్పాడు. నేను నమ్మలేదు. దొంగచాటుగా తాగేవాళ్లంతా ఇలాగే చెబుతారనుకున్నాను. ఒకరోజు వాళ్ల చర్చి మనిషి మందులకు వస్తే తమాషాగా అన్నాను: "మీ పాటల పెద్దను జర బీడీ బంద్ చెయ్యమనుండ్రి."

అది పాస్టర్ గారి చెవిదాకా పోయింది. దేవుని పాట పాడే గొంతు పొగ తాగకూడదని, ఈ క్రిస్మస్‌కు పాట ఇంకొకరు ఎత్తుకుంటారని ఆయన రత్నం అన్నకు చెప్పేశారు.

డిసెంబరు మొదట్లో సుగుణమ్మ దుకాణానికి వచ్చింది. గొడవ పడలేదు. కౌంటర్ మీద చేతులు పెట్టి నిలబడింది.

"తమ్మీ, దినాం వెయ్యి బీడీలు చేస్త. కార్ఖానల కట్ట కట్ట లెక్కవెట్టి తీసుకుంటరు. ఒక్క బీడీ మాయమైనా నాకు తెలుస్తది. ఆయన యాడికెల్లి తాగుతడు?"

మరి దగ్గు ఎక్కడిదన్నాను.

"గది నువ్వే చెప్పాలె. ఆయన నోట్లెకు పోయేటివి రెండే. నేను వండింది, నువ్విచ్చింది. నా కూర తిని నాకైతే దగ్గు లేదు."

ఆ నెల గోలీలు కట్ చేసి పొట్లం కట్టబోయాను. పెట్టెలో వచ్చే సన్న అక్షరాల కాగితాలను మేము పొట్లాలకే వాడేవాళ్లం. ఆరోజు ఎందుకో మడత పెట్టేముందు చదివాను. ఎనలాప్రిల్ కాగితమే అది. కొందరికి పొడిదగ్గు వస్తుందని అందులో ఉంది. జవాబును నాలుగు నెలలుగా గోలీలకు చుట్టి ఇస్తున్నాను.

మర్నాడు షట్టర్ దించి రత్నం అన్నతో నిజామాబాద్ బస్సెక్కాను. డాక్టర్ గారు ఓపికగా చెప్పారు. ఏసీఈ ఇంకో పని కూడా చేస్తుంది. బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని ముక్కలు చేసి ఎక్కువ కాకుండా చూస్తుంది. మందు ఆ ప్రొటీన్ పనిని ఆపేస్తే బ్రాడీకైనిన్ పేరుకుని గొంతును గీరుతుంది. అందరికీ కాదు, కొందరికే.

రత్నం అన్న దగ్గుతూనే అన్నాడు: "అంటె సారూ, ఒక్కటే కొడవలి. చెరుకూ అదే కోస్తది, గడ్డీ అదే కోస్తది. మీరు కొడవలి గుంజుకున్నరు, చెరుకు ఆగింది గని గడ్డి పెరిగింది."

డాక్టర్ గారు నవ్వి, లోసార్టాన్ రాశారు. అది ఏసీఈ జోలికి పోదు. కత్తిరించిన యాంజియోటెన్సిన్ వెళ్లి అంటుకునే రిసెప్టర్ అనే ఇంకో ప్రొటీన్‌ను మూస్తుంది. దానికీ రత్నం అన్న దగ్గర మాట ఉంది: "కొడవలి చేతికిచ్చి, ఫ్యాక్టరీ గేటు మూసిండ్రన్నట్టు."

రెండు వారాల్లో దగ్గు పోయింది. నేను పాస్టర్ గారి దగ్గరకు వెళ్లి ఆ దగ్గు బీపీ గోలీల వల్ల వచ్చిందేనని చెప్పాను. బీడీ మాట పుట్టించింది నేనేనని మాత్రం చెప్పలేదు. ఆయన అడగలేదు, నేను ఊరుకున్నాను.

క్రిస్మస్ ఆరాధనకు వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. రత్నం అన్న గొంతెత్తాడు. వింటుంటే పాట మధ్యలో నాకు దగ్గొచ్చింది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. బయటికొచ్చాక ఆయన నా చేతిలో కేకు ముక్క పెట్టి, చెవి దగ్గర మెల్లగా అన్నాడు:

"తమ్మీ, జర బీడీ బంద్ చెయ్యి."

అది నా మాటే. నాలుగు నోళ్లు తిరిగి, ఒక్క అక్షరం పోకుండా నా దగ్గరకే వచ్చింది. ఆయనకు మొదటినుంచీ తెలుసు. తెలిసి కూడా నెలనెలా నా దుకాణానికే వచ్చాడు.

అప్పటినుంచి దగ్గని ఎవరొచ్చినా సిరప్ వైపు చెయ్యి చాచకముందే, ఏమేం గోలీలు వేసుకుంటున్నారో అడుగుతున్నాను. పొట్లాలకు పాత పేపర్ వాడుతున్నాను. ఇక పాస్టర్ గారికి ఆనాడు చెప్పకుండా మిగిల్చుకున్న మాట ఒకటుంది: రత్నం అన్న ఎన్నడూ ఒక్క బీడీ తాగలేదు. ఆ బీడీ అంటించింది నేను.