గైడులో లేని పోలిక

హిందూపురం నుంచి ధర్మవరం బడికి రోజూ రైల్లో పోయి వచ్చేదాన్ని. తొమ్మిదో తరగతి నోట్సులు దిద్దడం కూడా ఆ రైల్లోనే. సాయంత్రం కిటికీ పక్కన సీటు దొరికితే పెనుకొండ వచ్చేలోగా సగం కట్ట అయిపోయేది. నా ఎర్ర పెన్నంటే పిల్లలకు హడల్. నాకది గొప్పగా ఉండేది.

ఆ వారం ఇంగ్లీషులో సిమిలీ చెప్పాను. మన ఉపమాలంకారం లాంటిదే, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడం. మంచు అంత తెలుపు, తేనెటీగంత పనిమంతుడు, అన్నీ గైడులో ఉన్నవే. మంచు మా వైపు ఎవరు చూశారు? అయినా మార్కులు వాటికే. 'యాజ్ సైలెంట్ యాజ్' అని రాసి, ఖాళీ పూరించమన్నాను. 'ద గ్రేవ్' అని రాయాలి. సమాధి అంత నిశ్శబ్దం అని.

పట్టుచీరలు నేసేవాళ్ల అమ్మాయి ఒకతె అక్కడ 'మై ఫాదర్' అని రాసింది. రైల్లోనే అడ్డంగా కొట్టేశాను. మరుసటి రోజు క్లాసులో లేపి, ఇదేమిటని అడిగాను.

"మా నాయన మాట్లాడడు టీచర్. మగ్గం నిల్చిపోయినప్పట్నుంచి ఊరికే మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకోని కూచోనుంటాడు. అమ్మ పిల్చినా పలకడు."

"మీ నాయన పరీక్షకు రాడు కదమ్మా," అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. సరైన జవాబు పదిసార్లు రాసుకురమ్మన్నాను.

ఆ ఆదివారం వాళ్ల నాయన ప్రాణం తీసుకున్నాడు.

సోమవారం వాళ్లింటికి వెళ్లాను. ఆ వీధిలో మగ్గాలన్నీ ఆ రోజుకు ఆపేశారు. వాళ్ల అవ్వ నా చేయి పట్టుకుని, "మా పాప ఎప్పుడూ మీ గురించే చెప్తాంటాదమ్మా," అంది. ఇంట్లో ఏం జరుగుతోందో ఆ పిల్ల రెండు మాటల్లో నాకు చెప్పింది. నేను గైడు చూసుకున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

కర్మలయ్యాక ఆ పిల్ల బడికొచ్చింది. నోట్సు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. యాజ్ సైలెంట్ యాజ్ ద గ్రేవ్. పదిసార్లూ గుండ్రటి అక్షరాలతో రాసింది. పిల్లల ముందే ఏడ్చేశాను.

"నువ్వు ముందు రాసిందే రైటమ్మా," అన్నాను.

ఆమె వెనక్కి పేజీ తిప్పి, ఎర్ర గీత మీద వేలు పెట్టింది.

"మరి ఎందుకు కొట్టేసినారు టీచర్?"