పిండిలో జిల్లా

ఎడారి దేశంలో ఇద్దరూ కలిసుండే రూమ్‌లో వంట గంగమల్లుది. చపాతీలకని పీట మీద పొడిపిండి చల్లితే చాలు, వెల్డర్ హేమిన్ అందులో వేలు పెట్టి, కుర్దుల కొండల్లోని తన జిల్లాను గీసేస్తాడు. మనకు కొత్తగా వచ్చిన మండలాల్లాంటివి మూడు, వాటి కింద ఊళ్లు, ఊరికెంత జనమో, వచ్చీరాని హిందీలో రోజూ ఇదే ఏకరువు. ఘాలా అనే పారిశ్రామికవాడ గ్యారేజీలో ఎండకు మాడి వచ్చిన గంగమల్లుకు ఒకనాడు ఒళ్లు మండింది. “ఛోడో భాయ్, నీ జిల్లా లెక్క నాకెందుకు! తేరే ఘర్ మే కిత్నే? ఇంట్లో ఎంతమందో అది చెప్పు!”

హేమిన్ పిండంటిన వేలును తన రొమ్ముకే ఆనించుకున్నాడు. “ఏక్.”

మరునాడు గంగమల్లు పీట మీద పిండి చల్లి, చపాతీల కర్ర పక్కన పెట్టాడు. “జల్దీ గీయ్ భాయ్, ఆకలైతుంది!” అని కసిరాడు.