దూడ చర్మం మీద చివరి అక్షరం

అమెరికాలో ఐసెలిన్ ఊరి దగ్గర మా తెలుగు సంఘం హాలు ఒకప్పుడు సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం. వచ్చేవాళ్లు తగ్గి అది మూతపడితే మేం తీసుకున్నాం. ఇప్పుడక్కడ నాట్యం క్లాసులు, పండగలకు పూజలు, పూజ అయ్యాక పులిహోర.

ఆ మందిరం చివరి సభ్యుల్లో ఒకరు మా పక్కింట్లోనే ఉంటారు. ఎనభై దాటిన పెద్దాయన. ఒక రోజు కంచె దగ్గర నన్ను ఆపి, తమ పాత మందిరం జ్ఞాపకార్థం పక్క ఊరి సినగాగ్ వాళ్లు కొత్త తోరా రాయిస్తున్నారని చెప్పారు. తోరా వాళ్ల పవిత్ర గ్రంథం. మొత్తం చేత్తో రాస్తారు. చివరి కొన్ని అక్షరాలకు మాత్రం లేఖకుడు అంచులు గీసి వదిలేస్తాడు. సమర్పణ రోజున వాళ్లవాళ్లే ఒక్కొక్కరు ఒక్కో అక్షరం సిరాతో నింపుతారు.

"నా అక్షరం ఆ హాల్లోనే నింపాలనుంది. పదమూడో ఏట అందరి ముందూ మొదటిసారి తోరా చదివింది అక్కడే. మీ వాళ్లని అడుగుతావా? ఈ చేతులు ఇంకెన్నాళ్లు నా మాట వింటాయో తెలీదు."

అప్పటికే అవి వణుకుతున్నాయి.

అడగడానికి నాకంటే తగినవాడు లేడని నా నమ్మకం. నా చదువు ఇంటర్‌తో ఆగింది, ఈ దేశం వచ్చింది మా ఆవిడ ఉద్యోగం పుణ్యాన. కానీ టౌన్ లైబ్రరీలో నేను ముట్టని బీరువా లేదు. రెండు వారాల్లో తోరా మీద నాలుగు పుస్తకాలు చదివి, నోట్సు రాసుకుని కమిటీ ముందు నిలబడ్డాను.

అడగ్గానే ఒప్పుకున్నారు. వాళ్ల ప్రార్థన చోట దేవుడి బొమ్మలు ఉండకూడదంటే, ఆ పూటకి పటాలు స్టోర్ రూమ్‌లో పెట్టడానికి కూడా. అక్కడితో కూర్చుని ఉండాల్సింది. నోట్సులో ఇంకా మూడు పేజీలు మిగిలాయి. సిరా ఎలా చేస్తారో, ఈక కలం ఎలా చెక్కుతారో వివరించి, "రాసేది కాగితం మీద కాదండీ, శుద్ధి చేసిన దూడ చర్మం మీద," అని సగర్వంగా ముగించాను.

ప్రెసిడెంటు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "దూడ అంటే... ఆవు దూడా?"

"అవునండీ."

"ఏంటండీ ఇది! చెప్పులే బయట విప్పిస్తున్నాం. హాల్లోకి ఆవు చర్మమా? పార్కింగ్ లాట్‌లో టెంట్ వేసుకోమనండి."

ఆ సంగతి పెద్దాయనకు చెప్పాను. "పార్కింగ్ లాట్," అని తనలో తాను రెండుసార్లు అనుకున్నారు.

"చర్మం గురించి వాళ్లు అడిగారా?"

"లేదు. నేనే చెప్పాను."

"ఎందుకు?"

నాలుగు పుస్తకాల్లోనూ దానికి జవాబు లేదు.

ఆదివారం హాలు వంటింట్లో పులిహోర కలిపే పెద్దావిడ దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆవిడ చేతులు కడుక్కుని తిన్నగా హాల్లోకి నడిచారు, వెనకే నేను. ప్రెసిడెంటు గారి అమ్మాయి నాట్యం సాధన చేస్తోంది. ఆయన ముందు వరసలో కూర్చుని వీడియో తీస్తున్నారు.

ఆవిడ మృదంగం వాయించే ఆయన్ని అడిగారు. "నాయనా, ఇది దేంతో చేస్తారు?"

"పనస కర్ర ఆంటీ. పైన ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు."

"మూడూ ఉన్నాయట ప్రెసిడెంటు గారూ! అమ్మాయి డాన్స్ కూడా పార్కింగ్ లాట్‌లో పెట్టిద్దామా?"

ఆయన ఫోన్ దించారు. "సరేలెండి, లోపలే కానివ్వమనండి. అయినా ఈయన చెప్పకపోతే ఎవరికి తెలిసేది?"

మృదంగం మీద కూడా నేనొక పుస్తకం చదివాను. తోళ్ల అధ్యాయంతో సహా.

సమర్పణ రోజున హాల్లో బల్ల మీద గ్రంథం విప్పారు. పెద్దాయన వంతు వచ్చింది. ఆయన కలం పట్టుకోగానే కొసన సిరా చుక్క ఊగింది. ఒక్క అక్షరం చెడినా, దిద్దేదాకా గ్రంథమంతా పనికిరాదని నేను చదివాను. మాట నోటిదాకా వచ్చింది, కానీ ఈసారి ఎవరికీ చెప్పలేదు.

లేఖకుడు నెమ్మదిగా కలం అందుకున్నాడు. ఆయన చేతిని తన చేతి మీద పెట్టించుకుని అక్షరం నింపాడు. సిరా ఆరేదాకా పెద్దాయన అక్కడే నిలబడి చూశారు. తర్వాత నా పక్కకు వచ్చారు.

"ఇందాక ఏదో చెప్పబోయి ఆగినట్టున్నావు."

"ఏం లేదండీ."

"మంచి పని చేశావు," అన్నారు.