గాలివానకు ముందే మేలుకునే మా అనసూయత్త

మా మేనత్త అనసూయమ్మ గారు పోయిన వారం కన్నుమూశారు. నేను బెంజ్ సర్కిల్ దగ్గర పనిమీద ఉండగా ఇంటినుంచి ఫోను వచ్చింది. మధ్యాహ్నం నాన్నగారికి మందులిచ్చి, కాసేపు నడుము వాలుస్తానని పడుకున్నారట. మళ్లీ లేవలేదు. ఆ మాట విన్నాక ఆ రద్దీలో ఎంతసేపు అలాగే నిలబడ్డానో నాకు తెలియదు. ఆకాశాన మబ్బు కనిపిస్తే చాలు ఇంటిల్లిపాదినీ సిద్ధం చేసే మనిషి, తన ప్రయాణం సంగతి మాటమాత్రంగానైనా చెప్పకుండా వెళ్లిపోయారు.

మా కుటుంబం గురించి తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. తెలియనివారికి ఇంత చెబితే చాలు: దివిసీమలో మా తాతగారి పేరు చెబితే పెద్దలు ఇప్పటికీ పై కండువా సర్దుకుని మాట్లాడతారు. భూములు పోయాయి. భవానీపురంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఎవరి ముందూ తల వంచలేదు. నాన్నగారిది ఊపిరితిత్తుల జబ్బు. కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషన్ ఆగితే ఆయనకు ఊపిరి అందదు. ఆ మిషన్ ఇంటికి వచ్చిన రోజే అత్తయ్య కూడా మాతో ఉండటానికి వచ్చేశారు.

అంతకుముందు ఆవిడ మైలవరంలో ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా పనిచేసి రిటైరయ్యారు. అక్కడి అలవాటునే మా ఇంటికీ తెచ్చారు. పట్టపగలు కూర్చోబెట్టి, "కళ్లు మూసుకుని వెళ్లి టార్చిలైటు పట్టుకురా" అనేవారు. నేను కుర్చీకి తగిలి పడబోతే, "రేపు కరెంటు పోయినప్పుడు ఈ కుర్చీ లేచి దారి ఇస్తుందటరా?" అని దాన్ని గోడవారకు జరిపించేవారు. నాన్నగారు మంచం మీదినుంచి నవ్వి, "మనల్ని కూడా ఆరో క్లాసు ఆడపిల్లల్ని చేసింది" అనేవారు. "వాళ్లే నయం అన్నయ్యా, ఒకసారి చెబితే వినేవాళ్లు" అని జవాబు వచ్చేది.

తుఫాను కబురు వినగానే తాగే నీళ్లు బిందెలకు పట్టించేవారు. ఛార్జింగ్ లైట్లు, ఫోన్లు నిండుగా ఉన్నాయో లేదో చూసేవారు. మందులన్నీ ఒక మూత డబ్బాలోకి చేరేవి. ఆక్సిజన్ ఉన్న గదిలో నిప్పు కూడదని సంధ్యాదీపాన్ని అక్కడినుంచి వంటింటి వైపుకు మార్పించారు. మా అమ్మ పెళ్లయి వచ్చిన నాటినుంచీ ఏ ఇంట్లో ఉన్నా ఆ దీపం నాన్నగారి గదిలోనే వెలిగేది. ఆయన కాస్త నొచ్చుకున్నారు. "దేవుడు వంటింట్లో కూడా ఉంటాడు అన్నయ్యా" అని అత్తయ్య ఆ మాట అక్కడితో ముగించారు.

ఆమె ఎలాంటి మనిషో నాకు పూర్తిగా తెలిసింది ఒక గాలివాన రోజున. పొద్దుటే ఈదురుగాలి మొదలైంది. అత్తయ్య ముందుచూపుతో చెప్పి ఉంచిన అద్దె జనరేటరును ట్రాలీ ఆటోలో తెచ్చారు. నాన్నగారికి అది బొత్తిగా నచ్చలేదు.

"వెనక వసారాలో పెట్టించి తలుపులు మూయించండి. అద్దె సామాను తెచ్చుకున్నామని వీధంతా చూడాలా?" అన్నారు.

మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. మనుషులు దాన్ని వెనక్కి మోయబోయారు. అత్తయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

"దించండి నాయనా. అన్నయ్యా, దీని పొగలో విషం ఉంటుంది. కంటికి కనపడదు, వాసనా తెలియదు. తలుపులు మూసి పెడితే మిషన్ నడుస్తూనే ఉంటుంది, మనమే ఉండం."

"అయితే అసలు వద్దు. ఆక్సిజన్ సిలిండరుతో గడుపుతాను."

"ఉన్న సిలిండరు సాయంత్రం దాకా వస్తుంది. రోడ్లు మునిగాక ఇంకోటి ఎవరు తెస్తారు, నీ పరువు తెస్తుందా?"

అంత మాట ఆయనతో ఎవరూ అనగా నేను వినలేదు. ఆయన ముఖం తిప్పుకున్నారు. అత్తయ్య గొంతు తగ్గించారు.

"గాలివాన వస్తే మన నాన్నగారు పెట్రోమాక్స్ లైట్లు ఎక్కడ పెట్టించేవారు? పెరట్లోనా?"

"వీధి అరుగు మీద. దారిన పోయేవాళ్లు చూసి వస్తారని. నీకు తెలియదా?"

"తెలుసు కనుకే దీన్నీ వీధివైపు పెట్టిస్తున్నాను. నీ మిషన్ నడవగా మిగిలిన కరెంటుతో వీధిలో వాళ్లు ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుంటారు."

ఆయన మళ్లీ ఇటు తిరిగారు. చివరికి, "సరే, కానివ్వు" అన్నారు.

గేటు పక్కన స్కూటరు పెట్టే రేకుల పందిరి కింద, కిటికీలకు దూరంగా, పొగ వీధివైపు పోయేలా దాన్ని పెట్టించారు. తెచ్చిన మనిషి వైరును ఇంటి ప్లగ్గులో గుచ్చబోతే ఆపి, మిషన్‌కు విడిగా వైరు వేయించారు. "ఇంటి ప్లగ్గులో పెడితే ఈ కరెంటు స్తంభం మీది తీగల్లోకి ఎక్కుతుంది. అక్కడ రిపేరు చేసేవాడికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఉంటారు" అన్నారు.

మధ్యాహ్నానికి కరెంటు పోయింది. ఎదురింటి చేపల వ్యాపారి నాంచారయ్య గొడుగేసుకుని వచ్చాడు.

"అమ్మగారూ, బందరులో మావాళ్లు బోట్లు ఒడ్డుకు చేర్చారో లేదో కనుక్కోవాలండీ. ఫోను చచ్చిపోయింది."

"పెట్టుకో నాయనా. జనరేటరు దగ్గర మాత్రం బీడీ ముట్టించకు."

"మానేసి చాన్నాళ్లయిందండీ!"

"అయితే ఆ జేబులో అగ్గిపెట్టె దేవుడికా?"

వెనక వచ్చినవాళ్లంతా ఘొల్లుమన్నారు. ఆ నవ్వు లోపలికి వినిపించింది. "ఎవరు అనసూయా?" అని నాన్నగారు అడిగారు. "వీధి వీధంతా వచ్చింది అన్నయ్యా" అన్నారు అత్తయ్య. ఆయన దిండుకు ఆనుకుని లేచి కూర్చుని, "కాఫీ ఇవ్వకుండా ఎవరినీ పంపకు" అన్నారు. మళ్లీ కరెంటు వచ్చేవరకూ ఆయన మిషన్ ఆగలేదు. ఈ రోజు మా నాన్నగారు మా మధ్య ఉన్నారంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఎవరి దగ్గరా చేయి చాచని వంశం మాది. ఈ ఒక్క రుణాన్ని మాత్రం నలుగురిలో చెప్పుకోవడం నాకు గర్వంగానే ఉంది.

అత్తయ్యను సాగనంపే వేళ, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే నాన్నగారు బయటికి వచ్చారు. మా ఇళ్లలో పెద్దవాళ్లు తమకంటే చిన్నవాళ్లకు నమస్కరించరు. ఆయన చేతులు జోడించబోతుంటే ఒక బంధువు, "తమరు అన్నగారు, తమరు చేయకూడదండీ" అని వారించారు.

"అది లేకపోతే నేనే లేనయ్యా" అని నాన్నగారు చెల్లెలికి నమస్కారం చేశారు.

ఆ పక్కనే నేనూ చేతులు జోడించి నిలబడ్డాను. ఆయన కోసం ఆయన మాటకే అడ్డం నిలబడగల మనిషి ఇక మా ఇంట్లో లేరు.