అడుగు తప్పించిన దెబ్బ

నాంపల్లిలో రిచర్డ్‌కు పని లేని రోజు లేదని చెప్పుకుంటారు. అది కాస్త పెంచి చెప్పే మాట. పని లేని రోజులు బోలెడు ఉండేవి. కాకపోతే ఆ రోజుల్లోనూ అతని చేతులు ఊరుకునేవి కావు. ఇరానీ హోటల్లో బల్ల అంచు మీద, బస్సులో కడ్డీ మీద, చర్చిలో ప్రసంగం సాగిపోతుంటే సొంత మోకాలి మీద ఏదో ఒకటి వాయిస్తూనే ఉండేవాడు. పక్కన కూర్చున్న తల్లి మేరమ్మ ఆ చేతి మీద ఠపీమని ఒకటి వేసేది. కొడుక్కి అరవై దగ్గరపడ్డాక కూడా వేసేది.

మేరమ్మ అబిడ్స్‌లో ఒక మిషన్ బడిలో ఆయాగా పనిచేసింది. భర్త తొందరగా పోయాడు. చాపెల్ రోడ్డు వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు, దానికి ఎదురుగా ఆశీర్వాదం మాస్టర్ బ్యాండు దుకాణం. పొద్దున లేస్తే ఎర్ర కోట్లు, జరీ పట్టీలు, గోడకు వేలాడే బూరలు చూస్తూ పెరిగిన పిల్లవాడు కలెక్టరవుతాడా? మీసాలు రాకముందే రిచర్డ్ సైడ్ డ్రమ్ము మెడకు తగిలించుకుని నాంపల్లి నుంచి గౌలిగూడ దాకా పెళ్ళి ఊరేగింపుల్లో నడిచాడు. అతని పక్కన పెద్ద డ్రమ్ము బీరయ్యది. బీరయ్య కొట్టేది ఎప్పుడూ ఒకటే దెబ్బ, అదీ ఆవులిస్తూ కొట్టేవాడు. రిచర్డ్‌కు అతన్ని చూస్తే నవ్వొచ్చేది.

ఆ బ్యాండుకు ఒక కట్టుబాటు ఉండేది. చర్చి వాళ్ళలో ఎవరు పోయినా మాస్టర్ పైసా ముట్టకుండా వాయించేవాడు. శవపేటికను ఇంటి నుంచి గల్లీ చివర ఆగిన బండి దాకా ఆరుగురు భుజాల మీద మోస్తారు. దాని ముందు బ్యాండు నెమ్మదిగా నడుస్తుంది. సైడ్ డ్రమ్ముకు నల్లగుడ్డ కప్పుతారు, అడుగు దాని మీదే పడుతుంది, పెద్ద డ్రమ్ము ఎప్పుడో ఒకసారి మోగుతుంది. ఆ రోజు మాస్టర్ మనిషే మారిపోయేవాడు.

"పెండ్లిల నీ ఇష్టమొచ్చినట్ల కొట్టు, గుర్రం గూడ ఎగురుతది," అనేవాడు. "గీడ మాత్రం ఆటలొద్దు. పెట్టె మోసేటోళ్ళ తల పెట్టెకు ఆనుకొని ఉంటది, తొవ్వ కనబడది. నీ దెబ్బ పడ్డదంటే వాళ్ళ కాలు పడ్తది. గంతే."

రిచర్డ్‌కు కావలసినవి ఆటలే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కనే పాత క్యాసెట్లు అమ్మేవాళ్ళు. జాజ్, ఫంక్ అనే మాటలు అతను మొదట చదివింది ఆ క్యాసెట్ల అట్టల మీదే. టేపు అరిగి మూలిగేదాకా విన్నాడు, చర్చి డ్రమ్ముల మీద సాధన చేశాడు. అందరూ దెబ్బ కోసం ఎదురుచూసే చోట కొట్టకుండా ఆగి, ఒక్క రవ్వ ఆలస్యంగా కొడితే వినేవాడి తల దానంతట అదే ఊగుతుందని కనిపెట్టాడు. ఆ ఆగడమే అతని ప్రత్యేకత అయింది. ఎవరైనా కొట్టగలరు, ఆగగలిగినవాడే డ్రమ్మర్ అని చెప్పుకుని తిరిగేవాడు.

నిజంగానే దిట్ట, ఆ మాట ఒప్పుకోవాలి. అబిడ్స్‌లో ఒక హోటల్లో ఏళ్ళ తరబడి సాయంత్రాలు జాజ్ వాయించాడు. గజల్ పాడేవాళ్ళ వెనక చీపురు పుల్లల కట్టతో డ్రమ్మును నిమిరినట్టు వాయించాడు. క్రైస్తవ గీతాల రికార్డింగులు చేశాడు. ఖైరతాబాద్ వినాయకుడి దగ్గర ఆర్కెస్ట్రాలో కూర్చున్నాడు. పాస్టరు గారు మొహం మాడ్చుకున్నారు గానీ, ఆదివారం ఆరాధనకు అతన్ని తప్ప మరొకరిని కూర్చోబెట్టలేదు. పెళ్ళి మాత్రం కాలేదు. సాయంత్రం ఇల్లు విడిచి పొద్దుపోయాక వచ్చేవాడికి పిల్లనెవరిస్తారు? హోటళ్ళలో బ్యాండ్లు తీసేసి పెన్‌డ్రైవ్ పెట్టుకున్నాక, ఇంట్లోనే కుర్రాళ్ళకు పాఠాలు మొదలుపెట్టాడు. వాళ్ళు అతన్ని 'సర్' అనేవారు. ఆ పిలుపు అతనికి బాగా ఒంటబట్టింది.

హోటల్ రోజుల్లో ఒకసారి ఆశీర్వాదం మాస్టర్ శిష్యుణ్ణి వినడానికి వచ్చాడు. బ్యాండు బూట్లే పాలిష్ చేసుకుని వేసుకున్నాడు. తలుపు దగ్గర కుర్చీలో చివరిదాకా కూర్చున్నాడు.

"ఎట్లుంది మాస్టర్?" అని అడిగాడు రిచర్డ్, చెమట తుడుచుకుంటూ.

"మస్తుగుంది బిడ్డా. కానీ నీ యెనక నడవలేను."

రిచర్డ్ పగలబడి నవ్వాడు. ముసలాయనకు జాజ్ ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. ఆ మాటను జోకులాగా ఊరంతా చెప్పాడు.

నిరుడు వానాకాలంలో మాస్టర్ పోయాడు. చివరి రోజుల్లో దవాఖానలో రిచర్డ్ చెయ్యి పట్టుకుని, "నా పెట్టె ముందర నువ్వే కొట్టాలె," అని మాట తీసుకున్నాడు. రిచర్డ్ కన్నీళ్ళతో ఒప్పుకున్నాడు.

ఆ రోజు గల్లీ నిండా జనం. మేరమ్మ నడవలేక గుమ్మం ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. పెట్టెకు ముందువరసలో ఎడమవైపు భుజం పెట్టినవాడు జెస్విన్, మాస్టర్ కూతురు డోర్కాస్ కొడుకు. బ్యాంకులో కొత్తగా ఉద్యోగం, తాతంటే ప్రాణం. రిచర్డ్ శిష్యులు నలుగురైదుగురు ఫోన్లు పట్టుకుని గోడవారగా నిలబడ్డారు. రిచర్డ్ వాళ్ళను చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

మొదటి సగం దూరం బాగానే కొట్టాడు. తర్వాత అతనికి ఇంత పెద్ద గురువును ఇంత చప్పగా సాగనంపడమా అనిపించింది. ఏదైనా తనది ఇవ్వాలనిపించింది. దుఃఖంలో అనిపించిందని తర్వాత తనకు తాను నచ్చజెప్పుకోబోయాడు గానీ, అప్పుడతని చూపు ఫోన్ల మీద ఉందని అతనికి తెలుసు. మలుపు దగ్గర దెబ్బ పడాల్సిన చోట ఆగాడు. ఒక్క రవ్వ ఆగి, అప్పుడు కొట్టాడు.

వెనక ఆరుగురిలో కొందరు కాలు పెట్టేశారు, కొందరు పెట్టలేదు. పెట్టె ముందుకు ఒరిగింది. జెస్విన్ మోకాలు తడినేలకు కొట్టుకుంది. పైన ఉన్న పూలచక్రం జారి బురదలో పడింది. డోర్కాస్ కేక వేసి రెండు చేతులూ పెట్టె కింద పెట్టింది. బీరయ్య తిరిగి చూడలేదు. పెద్ద డ్రమ్ము మీద ధమ్మని ఒకటి, మళ్ళీ ధమ్మని ఇంకొకటి వేశాడు. ఆ దెబ్బల మీద ఆరుగురి కాళ్ళు మళ్ళీ కలిశాయి. పెట్టె నిలబడింది.  నీ యెనక నడవలేను అన్న మాట జోకు కాదని రిచర్డ్‌కు అప్పుడు తెలిసింది.

సాయంత్రానికి శిష్యులు వీడియో పెట్టారు. అందులో రిచర్డ్ ఒక్కడే ఉన్నాడు, పెట్టె లేదు. "సర్, ఆ గ్యాప్ ఏముంది సర్!" అని ఒకడు ఫోన్ చేశాడు. బెంగళూరు నుంచి ఎవరో డ్రమ్మర్ మెచ్చుకున్నాడు. పొగడ్త విన్నప్పుడల్లా రిచర్డ్‌కు ఒంటి మీద గుడ్డలు లేనట్టు సిగ్గేసింది. తీసేయమని మాత్రం అనలేదు. ఎందుకని అడిగితే చెప్పాలి కదా.

రెండు రోజులాగి క్షమాపణ చెప్పుకుందామని డోర్కాస్ ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలోనే ఆమె చేతులు పట్టుకుంది.

"అన్నా, మా నాయన కోరిక తీర్చినవ్. నీ రుణం తీర్చుకోలేం," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా జెస్వినే జర సోయి తప్పిండు. వాళ్ళ చిన్నాయనలు అందరి ముందర తిట్టిన్రు, తాతను కింద పడేస్తుంటివి కదరా అని. రెండు దినాలాయె, సరిగ తింటలేడు," అంది.

లోపలి గదిలో జెస్విన్ మోకాలికి కట్టుతో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రిచర్డ్ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. చాయ్ ఇచ్చారు, తాగాడు. "పిల్లగాడు కదా, పోనియ్ అమ్మా," అన్నాడు. అన్నాక తను ఏమన్నాడో తనకే వినబడింది. తప్పు చేసినవాడు, తప్పు లేనివాణ్ణి పెద్దమనసుతో క్షమించి వచ్చాడు! చాపెల్ రోడ్డు పొడుగునా తల ఎత్తకుండా నడిచాడు.

ఇంట్లో మేరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఆమెకు కళ్ళు మందగించాయి గానీ చెవులు బాగానే పనిచేసేవి.

"చెప్పినవా?" అంది.

"ఏంది చెప్పేది?"

"నాకు ఇనబడలేదనుకున్నవా? మాస్టర్ బ్యాండు ఇన్నేండ్లు ఈ గుమ్మంల కూసోని ఇన్న. ఆ మలుపు కాడ దెబ్బ పడలే. గా పిల్లగాడు నీ తప్పు మోస్తున్నడు."

రిచర్డ్ ఆమె పక్కన కూర్చున్నాడు. అతని వేళ్ళు మోకాలి మీద కదిలాయి. ఈసారి మేరమ్మ చేతి మీద వేయలేదు, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"నా పెట్టె ముందర నువ్వు కొట్టకు బిడ్డా," అంది. కోపం లేకుండా అంది. అదే అతను తట్టుకోలేకపోయాడు.

రేపు చెబుదాం అనుకున్నాడు. క్రిస్మస్ అయ్యాక అనుకున్నాడు. చర్చిలో జెస్విన్ చివరి బల్ల మీద కూర్చుని, దీవెన కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. ఎవరి చావుకు పిలిచినా రావడం మానేశాడు. రిచర్డ్ డ్రమ్ముల వెనక నుంచి అదంతా చూస్తూ వాయించేవాడు. పాఠాలు తగ్గించేశాడు. బీరయ్య కనబడితే పక్క గల్లీలోకి తప్పుకునేవాడు. బీరయ్య ఒక్క మాట కూడా అనలేదు, అసలు అనడని తెలుసు, అయినా తప్పుకునేవాడు.

ఎండాకాలం మొదట్లో మేరమ్మ నిద్రలోనే పోయింది.

మళ్ళీ అదే గల్లీ. సైడ్ డ్రమ్ముకు నల్లగుడ్డ కప్పి తెచ్చి శిష్యుడొకడు రిచర్డ్ మెడకు తగిలించబోయాడు. రిచర్డ్ వద్దని దాన్ని బీరయ్య అల్లుడికి ఇప్పించాడు. ఆ అల్లుడికి వచ్చింది నెమ్మదిగా నడిచే దెబ్బ ఒక్కటే. రిచర్డ్ వచ్చి పెట్టె పక్కన నిలబడ్డాడు. మోయడానికి ఇంకొకరు తక్కువయ్యారు. ఎవరో జెస్విన్‌ను పిలిచారు.

జెస్విన్ రెండడుగులు వెనక్కు వేశాడు. "నేనొద్దంకుల్. తాతనే పడేయబోయిన. అవ్వను గూడ..." అని ఆగిపోయాడు. వాళ్ళ చిన్నాయన ఒకడు పక్కనుంచి, "ఔ, వాడొద్దు," అన్నాడు.

గల్లీలో అందరూ ఉన్నారు. డోర్కాస్, పాస్టరు గారు, ఫోన్లతో శిష్యులు, పెద్ద డ్రమ్ముతో బీరయ్య.  ఇంకొక్కసారి ఊరుకుంటే ఇక జన్మలో చెప్పలేనని రిచర్డ్‌కు తెలుసు.

"నువ్వు తప్పలేదు జెస్విన్," అన్నాడు. అందరికీ వినబడేలా అన్నాడు. "నేను తప్పించిన. మలుపు కాడ కొట్టాల్సిన దెబ్బ కొట్టలే. మరిచిపోయి గాదు, వీళ్ళు వీడియో తీస్తున్నరని కావాలనే ఆపిన. మీరందరు వీన్ని తిడ్తుంటే విని ఊకున్న. మా అమ్మకు తెలుసు. అందుకే తన పెట్టె ముందర నన్ను కొట్టొద్దన్నది."

 ఒక శిష్యుడు ఫోన్ కిందికి దించాడు. డోర్కాస్ కొడుకు వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె రిచర్డ్ వైపు చూడలేదు.

జెస్విన్ రిచర్డ్ వైపు తిరిగాడు. "మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంకుల్?" అన్నాడు.

రిచర్డ్ తలదించుకున్నాడు. జెస్విన్ చెప్పులు విడిచి, ముందువరసలో ఎడమవైపుకు వెళ్ళి భుజం పెట్టాడు. అతని వెనక చోటు ఖాళీగా ఉంది. రిచర్డ్ అక్కడ దూరి, తల పెట్టెకు ఆనించి నిలబడ్డాడు. ముందు జెస్విన్ మడమలు తప్ప ఇంకేమీ కనబడలేదు.

బీరయ్య అల్లుడు దెబ్బ వేశాడు. జెస్విన్ కాలు పడింది. దాని వెనక రిచర్డ్ కాలు పడింది.