నాలుగు వేళ్లు దిగిన కారు

మా ఇంట్లో ఒకే నెలలో అత్తయ్య మంచం ఎత్తు పెరిగింది, కారు ఎత్తు తగ్గింది. రెండూ చేయించింది మా ఆయనే.

అత్తయ్య పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. విజయవాడలో ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఇద్దరినీ నిలబెట్టి మరీ చెప్పాడు. పల్లంగా ఉన్న దేనిమీదా ఆవిడ కూర్చోకూడదు, తుంటి ఎక్కువగా వంగకూడదు. వారం వారం తీసుకొచ్చి వ్యాయామం చేయిస్తే కర్ర అవసరం లేకుండా నడుస్తుంది, మానేస్తే కాలు బిగుసుకుపోతుంది. మా ఆయన బుద్ధిగా తలూపారు. తిరువూరు రాగానే మంచంకోళ్ల కింద ఇటుకలు పెట్టించారు, పీటలన్నీ అటకెక్కించారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా కొడుకంటే ఇలా ఉండాలన్నారు. నేనూ మురిసిపోయాను.

సరిగ్గా అప్పుడే ఆయనకి స్ప్రింగుల పిచ్చి పట్టింది.

మా ఆయనది బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు. పత్తికి మందు కావాలని ఎవరైనా వస్తే, ఏ పురుగు, ఎంత చేను, ఎప్పుడు వేశావు అని ఆరా తీస్తే గానీ డబ్బా కిందికి దించరు. అంత జాగ్రత్త మనిషి, విజయవాడలో స్నేహితుడి కారు నేలకి ఆనించినట్టు కిందికి ఉండడం చూసొచ్చి మతిపోగొట్టుకున్నారు. రోజూ సాయంత్రం మా కారు పక్కన గొంతుక్కూర్చుని, టైరుకీ దాని పైనున్న రేకుకీ మధ్య వేళ్లు పెట్టి కొలిచేవారు.

“నాలుగు వేళ్లు దూరుతున్నాయి చూడు. లారీలా ఉంది, అసహ్యంగా!”

“గంపలగూడెం రోడ్డు గుంటలకే పెట్టారండీ ఆ ఖాళీ.”

“నీకేం తెలుసు? పొట్టి స్ప్రింగులు వేస్తే బండి రోడ్డుని పట్టుకుని పోతుంది.”

పట్టుకోవడానికి ముందు రోడ్డంటూ ఉండాలి కదా! ఆయన ఫోన్లో స్ప్రింగుల వీడియో పెట్టుకున్నారు. స్ప్రింగుల్లో కొంచెం దించేవి ఉన్నాయట, బాగా దించేవి ఉన్నాయట. రోజూ తిరిగే బండికి కొంచెం దించేవే మంచివని ఆయన చూసిన వీడియోలోనే చెప్పారు, నేను పక్కనే కూర్చుని విన్నాను. “కొంచెం దించితే దించినట్టు ఎవడికి తెలుస్తుంది?” అని బాగా దించేవే తెప్పించారు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి.

ఆ వీడియోలోనే ఇంకో సంగతీ చెప్పారు. స్ప్రింగులు మారిస్తే చక్రాల వాలు మారిపోతుంది కాబట్టి వీల్ అలైన్‌మెంటు ఆ తరువాతే చేయించాలి. చక్రాలు నేరుగా పోయేట్టు సరిచేసే పని అది. బండి ఎత్తు తేలకుండా చేయిస్తే ఏం లాభం? కానీ స్ప్రింగుల పార్శిల్ ఆలస్యమైంది, ఇటు మూఢం ముంచుకొస్తోంది. మంచిరోజులు దాటిపోతాయని మా ఆయన ఏం చేశారో తెలుసా? దశమి నాడు వెళ్లి అలైన్‌మెంటు ముందే చేయించుకొచ్చారు!

పార్శిల్ మూఢంలో దిగింది. పక్కనున్న నెమలి ఊరి గుడికి వెళ్లినప్పుడు తెలిసిన పురోహితుణ్ణి పట్టుకుని అడిగారు, మంచిరోజుల్లో మొదలుపెట్టిన పని మూఢంలో పూర్తి చేయొచ్చా అని. ఆయన ఏ ఇంటి పనో అనుకుని ఉంటాడు పాపం, “మొదలుపెట్టేశారుగా, దోషం లేదండి” అన్నాడు. మర్నాడే స్ప్రింగులు ఎక్కాయి. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి.

“మళ్లీ అలైన్‌మెంటు చేయించండి,” అన్నాను.

“మంచిరోజున చేయించింది కదిలిస్తారా ఎవరైనా? కంప్యూటర్లో అంకెలన్నీ పచ్చగా వచ్చాయి, ఫోటో కూడా తీశాను.”

ఆ వారం అత్తయ్యని తీసుకుని విజయవాడ బయలుదేరాం. ముందు సీటు ఎప్పుడూ ఆవిడదే. ఆ రోజు కూర్చోబోతే సీటు ఎక్కడో పాతాళంలో ఉన్నట్టుంది. ఆవిడ వంగలేక, పడినట్టే కూర్చుని “అమ్మా!” అంది. స్టీరింగు వదిలితే బండి ఎడమపక్కకి లాగేస్తోంది. “రోడ్డు వాలు,” అన్నారాయన. మైలవరం దాకా ఎన్ని మలుపులు తిరిగినా రోడ్డు ఎడమకే వాలింది కాబోలు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నన్ను దిగమనేవారు, బరువు తగ్గుతుందట. నేను చేతిసంచీ పట్టుకుని బ్రేకర్ దాటి అవతల నిలబడితే, కారు ఏటవాలుగా, కడుపు రాసుకుంటూ పాకేది. “పెట్రోలు అయిపోయిందా అమ్మా?” అని అడిగాడు ఒక టీకొట్టాయన. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆసుపత్రి దగ్గర ఆవిణ్ణి సీట్లోంచి లేపడానికి ఇద్దరం చెరో చెయ్యీ పట్టి లాగాల్సి వచ్చింది. ఆవిడ పెదవి కొరుక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన మాత్రం అటు తిరిగి, గేటు దగ్గర ఎవరో మా కారువైపు చూస్తుంటే మురిసిపోతున్నారు.

పై వారం అత్తయ్య రానంది. “ఒంట్లో బాగాలేదులే అమ్మాయ్.” ఆ పై వారం ఎండ అంది. తరువాత శనివారం ప్రయాణం వద్దంది. మంచం దిగి కాలు తీసి కాలు వేయడం కష్టమైపోతోంటే చూస్తూ ఉండలేకపోయాను.

“అద్దె కారు మాట్లాడండి, ఎత్తుగా ఉండేది.”

“ఇంట్లో కారు పెట్టుకుని అద్దె కారా? ఊళ్లో నవ్వరూ?”

“మంచానికి పెట్టినట్టు మీ కారుకీ ఇటుకలు పెట్టించండి మరి! మీ అమ్మ కాలు పోతోందండీ!”

ఆయన కొట్టుకి వెళ్లిపోయారు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. “ఏం అనకమ్మా. ముచ్చటపడి చేయించుకున్నాడు. వాడి బండి వల్ల నొప్పని తెలిస్తే బాధపడతాడు.” నాకు ఒళ్లు మండిపోయింది. అంతటి అమ్మకి ఇలాంటి కొడుకా!

మర్నాడు ఆయన్ని అడగలేదు. నేనే ఎత్తుగా ఉన్న అద్దె కారు పిలిపించాను. అత్తయ్య నిలబడ్డ చోటినుంచే సీటు మీదికి జరిగి కూర్చుంది, హాయిగా ఊపిరి తీసుకుంది. ఇది తెలిసి మా ఆయన కొట్టు కట్టేసి, రోషం కొద్దీ తన కార్లో మా వెనకే బయలుదేరారు. మైలవరం దాటక ముందే, ఒక బ్రేకర్ దగ్గర వెనకనుంచి పెద్ద చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే సైలెన్సర్ గొట్టం రోడ్డు మీద ఈడ్చుకుంటోంది. ఆయన దిగి, తెల్లచొక్కాతో కారు కిందికి తొంగి చూస్తున్నారు. మా డ్రైవరు నెమ్మది చేస్తే, పక్కకి తిరిగి ఉన్న ముందు చక్రాల టైర్లు లోపలి అంచున నున్నగా అరిగిపోయి కనిపిస్తున్నాయి.

“పోనివ్వు బాబూ,” అన్నాను డ్రైవరుతో.

“ఆపు నాయనా,” అంది అత్తయ్య. “వాణ్ణి కూడా ఎక్కించుకుందాం.”

ఆయన వచ్చి వెనక సీట్లో, నా పక్కన కూర్చున్నారు.

ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి కాలు ఎత్తి చూసింది, వంచి చూసింది. ఇన్ని వారాలు ఎందుకు మానేశారని అడిగింది. ఇక ఈ కాలు పూర్తిగా వంగదని, కర్ర ఎప్పటికీ ఉండాల్సిందేనని చెప్పింది. మా ఆయన గోడకి తగిలించిన ఎముకల బొమ్మని చూస్తూ నిలబడ్డారు. నేను ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. అంత అసహ్యం నాకు ఎవరిమీదా ఎప్పుడూ కలగలేదు.

బయటికి వచ్చేటప్పుడు ఆసుపత్రివాళ్లు కొత్త కర్ర అత్తయ్య చేతికిచ్చారు. ఆవిడ దాన్ని నేలకి ఆనించి, రెండడుగులు వేసి ఆగి, కొడుకు వైపు తిరిగింది.

“ఏరా, బండికేం పెద్ద దెబ్బ తగల్లేదు కదా?”