బియ్యం బస్తా వెనక చీపురు

సింగపూర్‌లోని టోవా పాయోలో రజితకు గది అద్దెకిచ్చిన క్వెక్ ఆంటీ ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో ఇల్లంతా తుడిచే మనిషి. చైనీయుల కొత్త సంవత్సరానికి వారం ముందునుంచే ఫ్యాను రెక్కలు తుడిచింది, కిటికీలు కడిగింది, నారింజలను జంటలు జంటలుగా పేర్చింది. పండుగనాడు ఊడిస్తే అదృష్టం చెత్తతోపాటే గడప దాటుతుందని ఆవిడ నమ్మకం. అందుకే ముందురోజు సాయంత్రమే చీపుళ్లనూ, చెత్త ఎత్తే చేటనూ బియ్యం బస్తా వెనక దాచేసింది. ఆ సంగతి రజితకు చెప్పడమే మరిచింది.

రజిత సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వస్తూ గుంటూరునుంచి కొండచీపురు కూడా తెచ్చుకుంది. పైగా పండుగనాడే శుక్రవారం పడింది. తెల్లారేసరికి, రాత్రి కొరికి పడేసిన పుచ్చగింజల తొక్కలతో సహా హాలంతా ఊడ్చేసింది. గదిలోంచి వచ్చిన ఆంటీ ఆ చీపురు చూసి సోఫాలో కూలబడింది.

"ఈరోజు ఊడిస్తే అదృష్టం పోతుంది. చెత్త ఎక్కడ పోశావ్?"

ఇండియన్లకు గది ఇవ్వబోమని నలుగురు ఇంటివాళ్లు చెప్పేశాక రజితకు దొరికిన గది ఇది.

"పొయ్యలేదు ఆంటీ. ఎత్తడానికి చేట కనబడలేదు," అని తలుపు వెనక కుప్ప చూపించింది.

ఆంటీ వెళ్లి, ఆ కుప్పను కాలితో ఇంకాస్త లోపలికి జరిపింది. "ఇంట్లోనే ఉందిగా. ఓకే లా," అంది సింగపూర్ యాసలో. తర్వాత కొండచీపురు తీసుకెళ్లి, బియ్యం బస్తా వెనక తన చీపుళ్ల పక్కనే నిలబెట్టింది.

"వచ్చే ఏడు ముందురోజే నాకిచ్చెయ్," అంటూ రెండు నారింజలు చేతిలో పెట్టింది.